కందెన పనికిరాని చక్రం

బండి ఇరుసు కిర్రుమంటే కందెన, నూతి గిలక కీచుమంటే ఆముదం, తలుపు బందు మూలిగితే వంటింట్లో చేతికందిన నూనె చుక్క: శబ్దం పుట్టిన చోట జిడ్డు పూయడం తెలుగు పల్లెకు తరతరాలుగా తెలిసిన వైద్యం. కడ్డీ బ్రేకుల సైకిళ్ళ కాలంలోనూ ఈ వైద్యం పెద్దగా బెడిసికొట్టలేదు. ఆ కడ్డీల కీళ్ళకు నూనె నిజంగానే అవసరం, పొరపాటున ఒక చుక్క రిమ్ము మీద పడినా గుడ్డతో తుడిస్తే సరిపోయేది. ఇప్పుడు కోనసీమలో మురమళ్ళ వంటి ఊళ్ళలో కూడా పిల్లలు ఎక్కి తిరుగుతున్న గేరు సైకిలుకు, అంటే కంపెనీలు మౌంటెన్ బైకు అని పేరు పెట్టి అమ్ముతున్న సైకిలుకు, చక్రం మధ్యలో ఉండే డిస్కు బ్రేకు దగ్గరికి వచ్చేసరికి మాత్రం ఆ వైద్యమే జబ్బుగా మారుతుంది. డిస్కు బ్రేకు కీచుమనడానికి ఎక్కువసార్లు కారణం నూనె లేకపోవడం కాదు, నూనె ఉండటం.

ఈ బ్రేకులో చక్రం హబ్బుకు ఆరు మరలతో బిగించిన పలుచని ఉక్కు పళ్ళెం ఒకటి చక్రంతో పాటు తిరుగుతుంది. దాన్నే రోటరు అంటారు, మెకానిక్కులు డిస్కు ప్లేటు అంటారు. దానికి రెండు పక్కలా పట్టుకారులా ఉండే భాగం క్యాలిపరు, అందులో ఇటొకటి అటొకటి ఉండే చిన్న బిళ్ళలు ప్యాడ్లు. పిడి నొక్కినప్పుడు తీగ లాగడం వల్లనో, గొట్టంలోని ద్రవం తోయడం వల్లనో ప్యాడ్లు పళ్ళేన్ని పట్టుకుంటాయి. ప్యాడుకూ పళ్ళేనికీ మధ్య మామూలుగా ఉండే సందు విజిటింగు కార్డు మందమంత. మన వైపు ఎక్కువగా కనిపించే రోటరు అడ్డకొలత 160 మిల్లీమీటర్లు. కొత్తదాని మందం సుమారు 1.8 మిల్లీమీటర్లు. అంటే మొత్తం వ్యవహారమంతా మిల్లీమీటరులో పదో వంతుల మీద, వందో వంతుల మీద నడుస్తుంది. ఇంత సన్నని లెక్కల యంత్రాన్ని కోనసీమ ఒండ్రు నేలలోకి, ఉప్పుగాలిలోకి తెచ్చిపెడితే అది కొంత గోల చేయడంలో వింతేమీ లేదు.

మురమళ్ళలో మౌంటెన్ బైకు అనే మాటలోనే కొంత హాస్యం ఉంది. వీరేశ్వరస్వామి నిత్యకల్యాణాలకు పేరుపడిన ఈ ఊరు వృద్ధ గౌతమి ఒడ్డున, 216వ నంబరు జాతీయ రహదారి మీద ఉంది. ఇక్కడ కొండ అన్నది లేదు, సైకిలు ఎక్కి దిగవలసిన ఎత్తులు ఏటిగట్టు, కాలువ వంతెనలు, యెదుర్లంక దగ్గర యానాం వైపు గౌతమిని దాటించే బాలయోగి వారధి, అంతే. ఈ చదును నేలకూ బ్రేకు గోలకూ ఉన్న సంబంధం చిన్నది కాదు. దాని సంగతి కొంచెం తరువాత.

ముందు ఒక భేదం గుర్తించాలి. శబ్దం వేరు, అరుగుదల వేరు. గుండెలవిసేలా కూసే రోటరు కొత్తదానంత మందంగా ఉండవచ్చు. చప్పుడే లేని రోటరు వాడకూడనంత పలచబడి ఉండవచ్చు. శబ్దం రాగానే ప్లేటు పోయింది, మార్చాలి అని తేల్చడం చాలాచోట్ల జరుగుతున్న పొరపాటు. అనుమానించవలసిన వరసలో రోటరు సాధారణంగా చివరిది. దానికి ముందు ప్యాడ్లు, క్యాలిపరు కూర్చున్న తీరు, హబ్బు మరలు, చక్రం బిగింపు ఉన్నాయి.

కీచుదనం ఈ బ్రేకుకు పుట్టుకతో వచ్చింది. 1902లో ఇంగ్లండులో ఫ్రెడరిక్ లాంచెస్టర్ కార్ల కోసం డిస్కు బ్రేకుకు పేటెంటు తీసుకున్నప్పుడు ప్యాడ్లకు రాగి వాడాడు. లోహం మీద లోహం రాసుకుని భరించలేని కూత వచ్చేది. 1907లో హెర్బర్ట్ ఫ్రూడ్ ఆ ముఖాలకు రాతినార పొర తొడిగాక గాని ఆ కూత తగ్గలేదు. సైకిలు ప్యాడు బాగా అరిగి, పైనున్న రాపిడి పదార్థం అయిపోయి, వెనుక ఇనుప రేకు రోటరును తాకినప్పుడు వినిపించే గరగర సరిగ్గా లాంచెస్టర్ నాటి సమస్యే. ఆ గరగర విన్న తరువాత ఒక్క రోజు తొక్కినా రోటరు మీద గాడులు పడతాయి. రాపిడి పదార్థం అర మిల్లీమీటరుకు వచ్చేసరికి ప్యాడు మార్చమని షిమానో కంపెనీ చెబుతుంది.

అయితే ప్యాడు నిండుగా ఉండి కూడా కూత ఎందుకు వస్తుంది? వయొలిన్ వాయించేవారికి ఈ సంగతి చేతులకు తెలుసు. కమాను తీగను పట్టుకుని కొంత దూరం లాక్కెళుతుంది, తీగ జారి వెనక్కి వస్తుంది, మళ్ళీ పట్టు దొరుకుతుంది. సెకనుకు వందల సార్లు జరిగే ఈ పట్టుకోవడం, జారడమే నాదం. ప్యాడు కమాను అయితే రోటరు తీగ. రెండిటి మధ్యా పట్టు నిలకడగా ఉన్నంతవరకూ సన్నని సరసర తప్ప ఏమీ వినిపించదు. మధ్యలో జిడ్డు పొర చేరితే పట్టు ఒకచోట దొరికి ఒకచోట జారి, ఆ పలుచని పళ్ళెం కంపించడం మొదలుపెట్టి, వీధి చివరిదాకా వినిపించే కూత పెడుతుంది. అదే సమయంలో బ్రేకు సరిగా పట్టదు కూడా. కూత, పట్టు సన్నగిల్లడం రెండూ కలిసి వచ్చాయంటే జిడ్డు చేరిందని దాదాపుగా నమ్మవచ్చు.

ఆ జిడ్డు ఎక్కడిది? గొలుసుకు నూనె వేసి పెడలు వెనక్కి తిప్పినప్పుడు ఎగిరిన తుంపరలు వెనుక చక్రం రోటరు మీద పడతాయి. తుప్పు వదిలే మందు, టైర్లకు మెరుపు తెచ్చే ద్రవం వంటివి స్ప్రే చేస్తే అవి గురి చూసుకుని పడవు. తలకు కొబ్బరి నూనె రాసుకున్న చేతితో పళ్ళెం ఎంత చల్లగా ఉందో ముట్టుకుని చూడటం కూడా చాలు. ఆ ఒక్క వేలిముద్రను ప్యాడ్లు నాలుగు చుట్లలో పళ్ళెం అంతా పూసేస్తాయి. ద్రవంతో పనిచేసే హైడ్రాలిక్ బ్రేకుల్లో అయితే క్యాలిపరు లోపలి ముషలకాన్ని, అంటే పిస్టనును, చుట్టి ఉండే రబ్బరు వలయం పాతబడి, లోపలి నూనె ఊటలా ఊరి ప్యాడు వీపు మీదుగా దిగవచ్చు; ఎన్నిసార్లు తుడిచినా నాలుగు రోజుల్లో కూత తిరిగి వస్తుంటే చూడవలసింది అక్కడ.

రోటరును తుడవడానికి సరైనది ఐసోప్రొపైల్ ఆల్కహాలు, తెల్లని శుభ్రమైన గుడ్డ. గుడ్డ మీద నల్లని మరక రావడం ఆగేదాకా, ప్రతిసారీ గుడ్డ మడత మారుస్తూ తుడవాలి. కరోనా కాలం నుంచి ప్రతి ఇంట్లో మిగిలిపోయిన చేతి శానిటైజరు ఇందుకు పనికిరాదు. చర్మం ఎండకుండా అందులో గ్లిజరిన్ కలుపుతారు, అది పళ్ళెం మీదే ఉండిపోతుంది. కిరసనాయిలు మరీ అన్యాయం, అదే ఒక జిడ్డు. మందుల దుకాణంలో దొరికే స్పిరిట్లలో కొన్నిటిలో నూనె పదార్థాలు కలిసి ఉంటాయి కనుక సీసా మీది అక్షరాలు చదివి కొనాలి. ప్యాడ్ల విషయంలో ఆశ తక్కువ పెట్టుకోవడం మంచిది. పైపైన అంటిన జిడ్డయితే, బల్ల మీద పరిచిన ఉప్పు కాగితం మీద ప్యాడు ముఖాన్ని సమంగా రుద్ది పై పొర తీసేస్తే పోతుంది. లోపలికి ఇంకిన నూనె బయటికి రాదు. స్టవ్ మీద కాల్చి నూనె పోగొట్టే చిట్కా ఒకటి ప్రచారంలో ఉంది గాని, ప్యాడును రేకుకు అంటించి ఉంచే జిగురు కూడా ఆ వేడికి దెబ్బతినే ప్రమాదం ఉన్నందువల్ల, ప్రాణం ఆధారపడిన వస్తువు మీద అటువంటి పొదుపు తగదు.

ఇప్పుడు చదును నేల సంగతి. బ్రేకు వేయడమంటే వేగంలోని శక్తిని వేడిగా మార్చడం. సైకిలు, మనిషి కలిపి 80 కిలోలు అనుకుంటే, గంటకు 18 కిలోమీటర్ల వేగం నుంచి పూర్తిగా ఆగడంలో మారే శక్తి 1,000 జౌళ్ళు. 120 గ్రాముల ఒక్క రోటరే అదంతా తీసుకున్నా దాని వేడి సుమారు 17 డిగ్రీలు మాత్రమే పెరుగుతుంది. అదే మనిషి అరకు ఘాటు రోడ్డు మీద 500 మీటర్ల ఎత్తు దిగితే వదిలించుకోవలసిన శక్తి 3,92,000 జౌళ్ళు. గాలి కొంత పంచుకున్నా మిగిలినదంతా బ్రేకుల మీదే పడుతుంది. కొండల్లో వాడేవారి కష్టం ప్యాడ్లు కాగిపోవడం. కోనసీమలో అందుకు వ్యతిరేకమైన కష్టం. రద్దీలో, గతుకుల్లో, వేళ్ళు పిడి మీద ఆనించి లేతగా రాస్తూ పోవడమే తప్ప గట్టిగా పట్టి ఆపే అవసరం అరుదు. ఆ లేత రాపిడికి ప్యాడు ముఖం అరగకుండా పాలిషు పట్టినట్టు మెరుగెక్కుతుంది. మెరుగెక్కిన ముఖం కూస్తుంది. జిడ్డు తగలకుండానే కూసే ప్యాడును తీసి ఎండలో పట్టి చూస్తే గాజులా మెరుస్తుంది. ఉప్పు కాగితం వైద్యం దీనికి పూర్తిగా పనిచేస్తుంది. నెలకొకసారి ఖాళీగా ఉన్న ఏటిగట్టు వాలులో కాస్త వేగం మీద పదిసార్లు గట్టిగా బ్రేకు పట్టి వదలడం ఈ మెరుగు చేరకుండా చూస్తుంది.

కూత కాక మరికొన్ని చప్పుళ్ళున్నాయి. వాన కురిసినప్పుడు, సైకిలు కడిగినప్పుడు బ్రేకు కొద్దిసేపు బొంగురుగా ఊళ వేస్తుంది. తడి ఆరగానే పోతుంది, పట్టించుకోనక్కరలేదు. టిక్కు టిక్కుమని ఒకే తూగులో వచ్చే చప్పుడు వేరు. పెడలు తొక్కడం ఆపినా అది ఆగకపోతే చప్పుడు గొలుసుది కాదు, చక్రానిది. 26 అంగుళాల చక్రం ఒక చుట్టుకు రెండు మీటర్లకు పైచిలుకు దూరం వెళుతుంది కనుక గంటకు 15 కిలోమీటర్ల వేగంలో సెకనుకు రెండు టిక్కులు వినిపిస్తే, చుట్టుకొకసారి రోటరు ఒకచోట ప్యాడును తాకుతోందన్న మాట: బెండు పడింది. బ్రేకు పట్టిన క్షణంలో మాత్రం టక్కుమంటే ఆరు మరల్లో ఏదో వదులైంది, లేదా హబ్బు బేరింగు ఆడుతోంది. ఈ టక్కు చప్పుడు విన్నాక సైకిలు ఎక్కకూడదు.

అరుగుదల ఎగుడుదిగుడుగా ఉండటానికి తీగతో లాగే బ్రేకుల్లో, అంటే తక్కువ ధర గేరు సైకిళ్ళలో దాదాపు అన్నిటిలో, ఒక మూలకారణం ఉంది. దాని గురించి తెలిసినవారు కొద్దిమంది కనుక కొంత విడమరచి చెప్పాలి. ఈ క్యాలిపర్లలో రెండు ప్యాడ్లూ కదిలేవి కావు. బయటివైపు ప్యాడు ఒక్కటే కదిలి రోటరును తోస్తుంది. చువ్వల వైపున్న లోపలి ప్యాడు గోడలా నిలబడి ఉంటుంది. కదిలే ప్యాడు పలుచని పళ్ళేన్ని పక్కకు వంచుకుంటూ వెళ్ళి ఆ గోడకు ఆనించినప్పుడే బ్రేకు పడుతుంది. గోడ దగ్గరగా ఉంటే ఈ వంపు వెంట్రుకవాసి, ఎవరికీ ఇబ్బంది లేదు. అరిగే కొద్దీ గోడ దూరమవుతుంది. అప్పుడు జరిగేది ఏమిటంటే, పిడి లోపలికి వస్తోందని గమనించినవారు తీగ ఒక్కటీ బిగిస్తారు, లేదా పిడి దగ్గర వేళ్ళతో తిప్పే సర్దుబాటు మర తిప్పుతారు. పిడి గట్టిపడుతుంది, మనసు కుదుటపడుతుంది. లోపలి ప్యాడు మాత్రం ఉన్నచోటే ఉంటుంది. మూడు నాలుగు సార్లు ఇలా జరిగాక ప్రతి బ్రేకుకూ పళ్ళెం ఒక మిల్లీమీటరు దాకా వంగుతుంది, ప్యాడ్లు ఏటవాలుగా తాకి చీలికలా ఒక చివర సన్నంగా, ఒక చివర మందంగా అరుగుతాయి, రోటరు ఒక ముఖం ఒకలా, రెండో ముఖం మరోలా తయారవుతుంది. ఆ వాలు ముఖాల వల్ల కూత కూడా మొదలవుతుంది.

సరిచేయడం ఐదు నిమిషాల పని. చక్రం ఇరుసు ఫోర్కులో నిండుగా, వంకర లేకుండా కూర్చుందో లేదో మొదట చూడాలి. ఎందుకంటే ఇరుసు వంకరగా ఉంటే తరువాతి కొలతలన్నీ వృథా. తీగను కొంచెం వదులు చేసి, క్యాలిపరు వెనుక తెల్ల కాగితం పెట్టి పైనుంచి ఒక కన్ను మూసి చూస్తే, నల్లని ప్యాడ్ల మధ్య రోటరు గీత, దానికి అటూ ఇటూ తెల్లని సందులు కనిపిస్తాయి. లోపలివైపు సందు ఎక్కువగా ఉంటే, చువ్వల వైపున్న గుండ్రని మరను టక్కు టక్కుమని ఒక్కో గాటు తిప్పుతూ లోపలి ప్యాడును పళ్ళేనికి కాగితమంత దూరానికి తేవాలి. అప్పుడు క్యాలిపరును పట్టి ఉంచే రెండు అలెన్ మరలు వదులు చేసి, పిడి గట్టిగా నొక్కి ఉంచి, ఆ నొక్కులోనే రెండిటినీ ఒకదాని తరువాత ఒకటి కొంచెం కొంచెంగా బిగించాలి. తీగను అన్నిటికంటే చివర బిగించుకోవాలి. హైడ్రాలిక్ బ్రేకులో రెండు ముషలకాలూ కదులుతాయి కనుక ఈ గోడ సమస్య లేదు గాని, ఒక ముషలకం బురదతో బిగుసుకుపోతే రెండోదే పనంతా చేసి అదే ఒంటిపక్క అరుగుదలకు దారితీస్తుంది. చక్రం తీసి ఉన్నప్పుడు హైడ్రాలిక్ పిడి నొక్కితే ప్యాడ్లు దగ్గరికి వచ్చి మూసుకుపోతాయని కూడా ఇంట్లో పిల్లలకు చెప్పి ఉంచాలి.

ఇక నేల వంతు. గోదావరి ఒండ్రులోని ఇసుక రేణువు స్ఫటికం; ఖనిజాల గట్టిదనాన్ని కొలిచే మోహ్స్ మెట్లలో దానిది 7, మామూలు కత్తి ఉక్కుకంటే గట్టిది. చేలగట్టు బురద ఎండి ప్యాడు ముఖంలో ఇరుక్కుంటే ఆ రేణువులు ఉలి మొనల్లా పళ్ళెం మీద వలయాలుగా గీతలు గీస్తాయి. గోరుతో నిమిరితే తెలిసీ తెలియనంత గీతలు ఏ రోటరుకైనా ఉంటాయి, అవి దోషం కాదు. గోరు తట్టుకుని ఆగిపోయేంత గాడి దోషమే. రొయ్యల చెరువుల గట్ల మీద, ఆటుపోటు నీరు వచ్చే గౌతమి తీరంలో తిరిగే సైకిళ్ళకు ఉప్పు మరొక శత్రువు. రోటరు ఉక్కు తుప్పును ఎదుర్కొనేదే అయినా వంటింటి గిన్నె స్టీలు వంటిది కాదు. గట్టిదనం కోసం చేసిన రకం, అయస్కాంతం అంటుకుంటుంది, ఉప్పు తడిలో వదిలేస్తే గోధుమరంగు మచ్చలు పడతాయి. ప్యాడ్లు ఆనిన చోట తడి ఆరక వారాల తరబడి నిలిచిపోతే అక్కడ మాత్రం ప్యాడు ఆకారంలో మరక ఏర్పడి, తరువాత ప్రతి చుట్టులోనూ ఆ చోట బ్రేకు పట్టు మారి పిడిలో నాడి కొట్టుకున్నట్టు తెలుస్తుంది. ఉప్పు నేల నుంచి వచ్చాక మంచినీళ్ళు పోసి ఆరబెట్టడం కంటే చౌకైన రక్షణ లేదు.

రోటరు నిజంగా అరిగిందా అన్నదానికి కన్ను సాక్ష్యం చాలదు, కొలవాలి. ఇంటర్మీడియెట్ భౌతికశాస్త్రం ప్రయోగశాలలో విద్యార్థులు తీగ మందం కొలిచి మార్కులు తెచ్చుకుని మరచిపోయే స్క్రూ గేజి ఈ పనికి పుట్టినట్టు ఉంటుంది. మిల్లీమీటరులో నూరో వంతు దాకా చెబుతుంది. వెర్నియర్ కాలిపర్సు ఇక్కడ మోసం చేస్తుంది. ప్యాడు తాకని అంచున పళ్ళెం కొత్తదానిలా మందంగా మిగిలిపోయి గట్టులా ఉంటుంది, వెర్నియర్ పొడుగు దవడలు ఆ గట్టు మీద ఆని లోపలి పల్లాన్ని చూడవు. ప్యాడు తిరిగే బాటలో, రంధ్రాలు లేని చోట, ఆరు వైపులా ఆరు కొలతలు తీయాలి. చాలా రోటర్ల మీద కనీస మందం చెక్కి ఉంటుంది. షిమానోవాటికి అది 1.5 మిల్లీమీటర్లు. ఆరింటిలో ఏ ఒక్కటి అంతకు తగ్గినా రోటరు ఆయువు తీరినట్టే. కొలతలన్నీ పైనే ఉన్నా ఒకదానికొకటి తేడాగా ఉంటే, పిడిలో నాడి కొట్టుకోవడానికి అదే కారణం. కారు డిస్కులా లేతు మీద పెట్టి సమం చేద్దామంటే ఇక్కడ తీయడానికి లోహమే లేదు.

కొలతలు ఆరూ సమానంగా ఉండి టిక్కు టిక్కు మాత్రం వినిపిస్తుంటే అది బెండు, దానికి వైద్యం ఉంది. కోటిపల్లి, ముక్తేశ్వరం రేవుల మధ్య పంటు మీద సైకిళ్ళు ఒకదాని మీద ఒకటి ఆనించి గోదావరి దాటించేటప్పుడు గాని, ఆటో మీద తాడుతో కట్టేటప్పుడు గాని, పక్క సైకిలు పెడలు వచ్చి రోటరుకు తగలడం చాలు. చక్రం మెల్లగా తిప్పుతూ ప్యాడును తాకే చోట పెన్సిలుతో గుర్తు పెట్టి, దవడలకు శుభ్రమైన గుడ్డ చుట్టిన సర్దుబాటు స్పానరుతో అక్కడ పట్టి, కావలసిన దానికంటే తక్కువ అన్నట్టు వంచి, వదిలి, మళ్ళీ తిప్పి చూడాలి. రిమ్ము బెండు తీయడంలో చేయి తిరిగిన మన సైకిలు షాపు మెకానిక్కులకు ఇది నేర్పవలసిన విద్య కాదు. వారికి చెప్పవలసిందల్లా చేతి జిడ్డు పళ్ళేనికి అంటనివ్వవద్దని, తిరుగుతున్న రోటరు చువ్వల మధ్య వేలు పెట్టవద్దని. అది వేలిని కోసేయగలదు.

కొత్త రోటరు కొనక తప్పనప్పుడు దాని మీది చిన్న అక్షరాలు చదవాలి. చౌక రోటర్ల మీద రెజిన్ ప్యాడ్లు మాత్రమే అని ఇంగ్లీషులో రాసి ఉంటుంది. రెజిన్ ప్యాడంటే జిగురుతో నారను కలిపి పోతపోసిన మెత్తని రకం. ఎక్కువ రోజులు వస్తుందని దాని స్థానంలో లోహపు పొడిని కరగనంత వేడిలో అదిమి చేసిన సింటర్డ్ ప్యాడు వేస్తే, అది ఆ మెత్తని ఉక్కును కొద్ది నెలల్లో తినేస్తుంది. రోటరు మీది బాణం చక్రం తిరిగే దిక్కునే చూపాలి. తిరగేసి బిగిస్తే పళ్ళెం చేతుల మీద బలం తప్పు దిక్కున పడుతుంది. ఆరు మరలనూ వరసగా కాకుండా ఎదురెదురుగా, నక్షత్రం గీసినట్టు బిగించాలి.

కొత్త ప్యాడ్లు, కొత్త పళ్ళెం మొదటి రోజు పట్టవు, అందుకు కంగారుపడి మళ్ళీ విప్పకూడదు. ప్యాడు పదార్థం పలుచని పొరగా పళ్ళేనికి సమంగా అంటుకున్నాకే అసలు పట్టు మొదలవుతుంది. మధ్యరకం వేగం నుంచి నడక వేగం దాకా ఇరవై సార్లు, ఇంకొంచెం వేగం నుంచి మరో పది సార్లు నెమ్మదింపజేస్తే ఆ పొర కుదురుతుంది. ఈ ముప్పై సార్లలో ఒక్కసారి కూడా చక్రం పూర్తిగా ఆపి పిడి పట్టుకుని నిలబడకూడదు. నిలబడితే వేడెక్కిన ప్యాడు ముద్ర అక్కడే పడి, కొత్త రోటరుకే నాడి మొదలవుతుంది. అది అయ్యాక రోటరును ముట్టుకుని చూడాలన్న కోరికను ఇంకో పావుగంట ఆపుకోవాలి, చేయి కాలుతుందని ఒకటి, వేలిముద్ర పడుతుందని ఇంకొకటి.